ద్రాక్షతోటలో ఒక అగ్రానమిస్టు: నాపా లోయలో ఆంద్రే చెలిస్చెఫ్ వృత్తి ప్రస్థానం, మనకు పాఠాలు

వ్యవసాయ కళాశాలల్లో చివరి సంవత్సరం విద్యార్థులు అధ్యాపకులను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. అగ్రానమీ చదివినవారికి వ్యవసాయాధికారి ఉద్యోగం, బ్యాంకు ఉద్యోగం, విత్తన సంస్థలో ఉద్యోగం కాక మరేమి మిగులుతుంది? గత సంవత్సరం స్నాతకోత్తర విద్యార్థిని ఒకరు ఇదే ప్రశ్నను మరొక రూపంలో నా ముందుంచింది. నాసిక్ ప్రాంతంలోని ఒక వైన్ తయారీ సంస్థ ద్రాక్షతోటల విభాగంలో ఆమెకు సహాయకురాలి ఉద్యోగం ఇవ్వజూపింది. తండ్రికి ఇష్టం లేదు. "సార్, ఇది వ్యవసాయ శాస్త్రం కిందికి వస్తుందా, రాదా? మీరు వస్తుందంటే నాన్నగారికి చెబుతాను" అని ఆమె అడిగింది. ముప్ఫై ఏళ్లుగా పాఠాలు చెబుతున్న నాకు ఆ క్షణాన సరైన సమాధానం తోచలేదు. రెండు రోజులు గడువు కోరాను. ఆ రెండు రోజుల్లో నాకు గుర్తుకు వచ్చిన జీవితమే ఈ వ్యాసానికి ఆధారం.

ఆ జీవితం ఆంద్రే చెలిస్చెఫ్‌ది. అమెరికా వైన్ పరిశ్రమలో ఆయనను వైన్ తయారీదారుల గురువుగా గౌరవిస్తారు. అయితే ఆయన చదివినది వైన్ తయారీ కాదు, వ్యవసాయ శాస్త్రం. ఆయన వృత్తి జీవితాన్ని దశలవారీగా పరిశీలిస్తే ఒక ప్రాంతీయ పరిశ్రమ ఎలా నిలబడుతుందో, అందులో వ్యవసాయ శాస్త్రవేత్త స్థానం ఏమిటో స్పష్టమవుతుంది.

నాపా లోయ: తెగిపోయిన పరంపర

కాలిఫోర్నియాలో శాన్‌ఫ్రాన్సిస్కో నగరానికి ఉత్తరాన, రెండు కొండల వరుసల నడుమ సుమారు 48 కిలోమీటర్ల పొడవున సాగే సన్నని లోయ నాపా. పందొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలోనే అక్కడ ద్రాక్ష సాగు, వైన్ తయారీ వేళ్లూనుకొన్నాయి. వేళ్లను తినే ఫిల్లాక్సెరా అనే సూక్ష్మ కీటకం ఆ శతాబ్దం చివరలో తోటలను దెబ్బతీసింది. కోలుకొంటున్న సమయంలో 1920లో అమెరికా అంతటా మద్యనిషేధం అమలులోకి వచ్చి 1933 డిసెంబరు వరకు కొనసాగింది.

ఆ పదమూడు సంవత్సరాలలో జరిగిన నష్టం మూతపడిన కర్మాగారాల లెక్కతో తేలేది కాదు. ఇళ్లలో వైన్ చేసుకొనేవారి కోసం రైళ్లలో తూర్పు రాష్ట్రాలకు పంపడానికి తట్టుకొనే మందపాటి తొక్క గల ద్రాక్ష రకాలు నాణ్యమైన రకాల స్థానాన్ని ఆక్రమించాయి. చాలామంది రైతులు ప్లమ్, అక్రోటు తోటల వైపు మళ్లారు. పాతతరం పనివారు వృత్తి వదిలారు. కొత్తతరం నేర్చుకోలేదు. నిషేధం తొలగిన తరువాత లైసెన్సులు వెంటనే వచ్చాయి గాని, నైపుణ్యం రాలేదు. చర్చి ప్రార్థనలకు అవసరమైన వైన్‌కు చట్టంలో మినహాయింపు ఉండడం వల్ల నిషేధకాలాన్ని దాటగలిగిన కొద్ది సంస్థలలో బోలియూ ఒకటి. దానిని 1900లో స్థాపించినవారు ఫ్రాన్స్ నుండి వలస వచ్చిన జార్జ్ ద లతూర్. 1938లో ఆయన ఒక శాస్త్రవేత్తను వెదుకుతూ ఫ్రాన్స్‌కు వెళ్లారు.

శరణార్థి విద్యార్థి

చెలిస్చెఫ్ 1901లో మాస్కోలో జన్మించారు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యులు. విప్లవం వచ్చిన తరువాత కుటుంబం ఆస్తిని కోల్పోయింది. అంతర్యుద్ధంలో యువకుడైన ఆంద్రే శ్వేతసైన్యం పక్షాన క్రిమియాలో పోరాడారు. మంచులో పడి చనిపోయారని భావించి ఇంటివారు ప్రార్థనలు సైతం జరిపించారు. బతికి బయటపడి, ఓడిన సైన్యంతో దేశం విడిచి, బాల్కన్ ప్రాంతాల మీదుగా చెకోస్లొవేకియా చేరుకొన్నారు. అక్కడి బ్రనో నగరంలో వ్యవసాయ శాస్త్రం అభ్యసించారు. తరువాత ఫ్రాన్స్‌లో పొలాల్లో పనిచేసి, పారిస్‌లోని జాతీయ వ్యవసాయ విద్యాసంస్థలో ద్రాక్ష సాగులోను, వైన్ శాస్త్రంలోను ఉన్నత శిక్షణ పొందారు. లతూర్ అడిగినప్పుడు ఆ సంస్థ ఆచార్యులు పాల్ మార్సే ఆయన పేరు సూచించారు.

అప్పటికి చెలిస్చెఫ్ వయస్సు ముప్ఫై ఆరు. ఆ వయస్సుకు స్థిరమైన ఉద్యోగం లేదని, చదువు ఇంకా ముగియలేదని మన విద్యార్థులు నిరుత్సాహపడుతుంటారు. మట్టి, మొక్క, సూక్ష్మజీవి అనే మూడింటిని ఒకే మనిషి చదివి ఉండటమే ఆయనకు అర్హత అయింది. ఆ మూడూ కలిసి అలవడటానికి అంత కాలం పట్టింది.

కర్మాగారంలో మొదటి పని: శుభ్రత

1938లో నాపా చేరిన చెలిస్చెఫ్ చూసిన కర్మాగారంలో ఇనుప పైపులు తుప్పుపట్టి ఉన్నాయి. శుభ్రత కొరవడింది. వైన్‌లో ఇనుము, రాగి అవశేషాలు చేరుతున్నాయి. వైన్‌లో ఆమ్లం ఉంటుంది కనుక తాకిన లోహాన్ని కరిగిస్తుంది. అలా కరిగిన ఇనుము గాలి తగిలినప్పుడు ఫాస్ఫేటుతో కలిసి తెల్లని మసకగా తేలుతుంది. కనుక ఆయన తొలి సంస్కరణలు మేలురకం ద్రాక్షతోనో, గొప్ప పరిమళంతోనో మొదలు కాలేదు. పైపులు, తొట్లు, పంపులు, కడిగే నీళ్లతో మొదలయ్యాయి.

రెండవది ఉష్ణోగ్రత నియంత్రణ. ఈస్ట్ చక్కెరను ఆల్కహాలుగా మార్చేటప్పుడు వేడి పుడుతుంది. పెద్ద తొట్టిలో ఆ వేడి బయటకు పోదు. ఉష్ణోగ్రత మితిమీరితే ఈస్ట్ చనిపోయి, చక్కెర మిగిలిపోయి, హానికర బ్యాక్టీరియాకు అది ఆహారమవుతుంది. తెల్ల ద్రాక్ష రసాన్ని చల్లబరచి నెమ్మదిగా పులియబెడితే సున్నితమైన పరిమళాలు నిలుస్తాయి. నేడు సాధారణమనిపించే ఈ పద్ధతిని కాలిఫోర్నియాలో వ్యాప్తిలోకి తెచ్చిన ప్రముఖులలో చెలిస్చెఫ్ ఒకరు.

మూడవది మాలోలాక్టిక్ మార్పు. ద్రాక్షలోని పుల్లని మాలిక్ ఆమ్లాన్ని లాక్టిక్ బ్యాక్టీరియా మృదువైన లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుంది, బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. ఇది పీపాలో జరిగితే ఎర్ర వైన్‌కు మేలు. సీసాలో మూత వేసిన తరువాత జరిగితే వైన్ మసకబారి, వాయువు నిండి, చెడిపోతుంది. ఎప్పుడు జరుగుతుందో తెలియని ఈ మార్పును కోరినప్పుడు జరిపించడం, వద్దనుకొన్నప్పుడు ఆపడం ఎలాగన్నది అప్పటి ప్రశ్న. చెలిస్చెఫ్ దానిని అనుభవానికి వదిలివేయక, సూక్ష్మదర్శిని ముందుకు తెచ్చారు.

పీపాలలో ఉన్న 1936 నాటి కాబెర్నే సావిన్యోన్ వైన్‌ను రుచి చూసి, అది ప్రత్యేకంగా నిలవ ఉంచదగినదని ఆయన గుర్తించారు. సంస్థాపకుని పేరిట ప్రైవేట్ రిజర్వ్‌గా విడుదలైన ఆ వైన్ నాపా కాబెర్నేకు కొలబద్దగా నిలిచింది. ఖరీదైన ఫ్రెంచి పీపాలకు బదులు స్థానికంగా లభించే అమెరికన్ ఓక్ కలపతో చేసిన చిన్న పీపాలనే ఆయన వాడారు. చదివిన చోటి పద్ధతిని యథాతథంగా దిగుమతి చేయకుండా, పనిచేసే చోట లభించే వనరుతో దాని ఫలితాన్ని సాధించడం ఇందులోని పాఠం.

తోటలోకి తిరిగి రావడం

కర్మాగారం ఎంత శుభ్రపడినా ద్రాక్షలో లేనిది వైన్‌లోకి రాదు. చెలిస్చెఫ్‌లోని అగ్రానమిస్టు ఇక్కడే బయటపడతారు. వసంతకాలంలో లేత చిగుళ్లను కాల్చే గడ్డమంచు నాపాలో పెద్ద సమస్య. తోటల్లో వేడిపుట్టించే కుంపట్లు, పైనున్న వెచ్చని గాలిని కిందికి తోసే పెద్ద పంకాలు వాడకంలోకి తేవడంలో ఆయన ముందున్నారు. లోయకు దక్షిణాన సముద్రపు చల్లగాలి తగిలే కార్నెరోస్ ప్రాంతం పీనో న్వార్, షార్డొనే వంటి చల్లని వాతావరణపు రకాలకు అనుకూలమని గుర్తించి, 1960లలో అక్కడ తోటలు వేయించారు.

ఇదే కాలంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ ప్రాంగణంలో మేనార్డ్ అమరీన్, ఆల్బర్ట్ వింక్లర్ ఏ ప్రాంతానికి ఏ రకమన్న ప్రశ్నకు అంకెల్లో సమాధానం రూపొందించారు. 1944లో ప్రచురించిన వారి పద్ధతి మన విద్యార్థులకు తెలిసిన ఉష్ణ సంచయ సూత్రమే. ఏప్రిల్ నుండి అక్టోబరు వరకు ప్రతిరోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీల సెల్సియస్ తీసివేసి, మిగిలినదాన్ని కూడుతారు. ఆ మొత్తం 1,390 లోపు ఉంటే అత్యంత చల్లని మొదటి మండలం, 2,220 దాటితే అత్యంత వేడి గల ఐదవ మండలం. ఒక ఊరి ఏడు నెలల సగటు 26 డిగ్రీలనుకొంటే 16ను 214 రోజులతో గుణించి చూడండి, 3,424 వస్తుంది. అంటే మన దక్కను మైదానాలు ఆ పట్టికలో ఇమడవు. ఆ పట్టికను చూసి ఇక్కడ ద్రాక్ష పండదని తీర్పు చెప్పేవాడు పట్టికను చదివినవాడే గాని, మొక్కను చదివినవాడు కాడు.

పోటీదారులకు తెరచిన ప్రయోగశాల

విస్తరణ శాస్త్రవేత్తలు ప్రత్యేకంగా గమనించవలసిన ఘట్టం ఇది. 1940లలో చెలిస్చెఫ్ సెయింట్ హెలీనా పట్టణంలో ఒక వైన్ పరిశోధనశాల నెలకొల్పారు. సొంత యజమాని కర్మాగారంలో పనిచేస్తూనే, చుట్టుపక్కల ఇతర తయారీదారులు తెచ్చిన నమూనాలను పరీక్షించి, లోపమెక్కడుందో చెప్పి పంపేవారు. ఒక సంస్థ జీతగాడు పోటీ సంస్థలకు సలహా ఇవ్వడం వ్యాపార దృష్టితో చూస్తే విడ్డూరమే. కాని ఒక లోయ పేరు మీద అమ్ముడయ్యే సరుకులో పొరుగువాని చెడ్డ సీసా కూడా మన పేరునే చెడగొడుతుంది. లోయ మొత్తం బాగుపడనిదే ఏ ఒక్క సంస్థా నిలవదన్న అవగాహనతో ఆ ప్రయోగశాల నడిచింది. ప్రభుత్వ జీతం లేకుండా జరిగిన విస్తరణ సేవ అది.

ఆయన దగ్గర పనిచేసినవారు తరువాత తమ కాళ్లమీద నిలబడ్డారు. జో హైట్జ్ బోలియూలో పనిచేసి, కొంతకాలం కళాశాలలో బోధించి, 1961లో సొంత సంస్థ ప్రారంభించారు. క్రొయేషియా గ్రామంలో రైతు కుటుంబంలో 1923లో పుట్టిన మైక్ గ్రిగిచ్ 1958లో నాపా చేరి, మరుసటి సంవత్సరం నుండి దాదాపు దశాబ్దం పాటు చెలిస్చెఫ్ వద్ద నాణ్యతా నియంత్రణ చూశారు. తరువాత రాబర్ట్ మొండావి సంస్థలోను, ఆపై షాటో మాంటెలీనాలోను చేరి, 1977లో సొంత సంస్థకు భాగస్వామి అయ్యారు. వలసకూలీగా పెట్టెతో దిగినవాడు పరిశ్రమ పెద్దగా ఎదగడానికి పట్టిన ఈ రెండు దశాబ్దాలలో దాదాపు సగం కాలం ప్రయోగశాలలో నేర్చుకొంటూ గడిచిందే.

1976 మే 24న పారిస్‌లో స్టీవెన్ స్పరియర్ ఏర్పాటు చేసిన రుచి పరీక్షలో, పేర్లు దాచిన సీసాలకు ఫ్రెంచి న్యాయనిర్ణేతలు మార్కులు వేశారు. తెల్లవైన్‌లలో గ్రిగిచ్ తయారుచేసిన షాటో మాంటెలీనా 1973 షార్డొనే, ఎర్రవైన్‌లలో వారెన్ వినియార్‌స్కీ తయారుచేసిన స్టాగ్స్ లీప్ 1973 కాబెర్నే ప్రథమ స్థానాలు పొందాయి. వినియార్‌స్కీకి కూడా చెలిస్చెఫ్ సలహాదారు. కాలిఫోర్నియా సీసాలను అమెరికా నుండి ఫ్రాన్స్‌కు మోసుకెళ్లినది చెలిస్చెఫ్ నాయకత్వంలో వెళ్లిన పర్యాటక బృందమే. గెలిచిన సీసాలపై ఆయన పేరు లేదు. గురువు పని చాలావరకు అలాగే ఉంటుంది.

వైఫల్యాల ఖాతా

విజయాలు మాత్రమే చెబితే విద్యార్థులకు అన్యాయం చేసినట్లే. పీనో న్వార్ రకంతో 1946, 1947 సంవత్సరాలలో చెలిస్చెఫ్ చేసిన వైన్‌లు నిపుణుల మెప్పు పొందాయి. తరువాత అనేక సంవత్సరాలు ప్రయత్నించినా ఆ స్థాయిని ఇష్టానుసారం తిరిగి అందుకోలేకపోయారు. కారణం తెలియకుండా లభించిన మంచి ఫలితం ఇంకా పరిశోధన కాదని, పునరావృతం చేయగలిగినప్పుడే అది జ్ఞానమని క్షేత్ర ప్రయోగాలు చేసే మనకు తెలియనిది కాదు.

నాపాలో ఇంతకన్న పెద్ద గుణపాఠం విశ్వవిద్యాలయాలది. ఫిల్లాక్సెరాను తట్టుకొంటుందని, దిగుబడి ఎక్కువని డేవిస్ శాస్త్రజ్ఞులు ఏ.ఎక్స్.ఆర్.1 అనే వేరుమూలాన్ని సిఫారసు చేశారు. దాని జనకాలలో ఒకటి ఐరోపా ద్రాక్ష కావడం వల్ల నిరోధకత చాలదని ఇతర దేశాల అనుభవం అప్పటికే హెచ్చరించింది. అయినా కాలిఫోర్నియాలో అది విస్తారంగా నాటబడింది. 1980లలో కీటకపు కొత్త రూపం నాపాలో బయటపడింది. వేలాది ఎకరాల తోటలు పెరికివేసి తిరిగి నాటవలసి వచ్చింది. రైతు పెట్టుబడి మూడు నాలుగు సంవత్సరాలు పంటలేకుండా నిలిచిపోయింది. మన సిఫారసుల పుస్తకంలో ఒక్క వాక్యం రాసేటప్పుడు ఈ సంఘటనను తలచుకోవాలి. ఏకవార్షిక పంటలో తప్పు ఒక సీజనులో తెలుస్తుంది. బహువార్షిక పంటలో తప్పు తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టవచ్చు. అప్పటికి సిఫారసు చేసినవాడు పదవీ విరమణ చేసి ఉంటాడు, రైతు మాత్రం అక్కడే ఉంటాడు.

వృత్తికి విరమణ లేదు

1969లో బోలియూ ఒక పెద్ద వ్యాపార సంస్థ చేతికి మారింది. 1973లో చెలిస్చెఫ్ అక్కడి ఉద్యోగం విడిచి, పూర్తికాలపు సలహాదారుగా మారారు. అంతకుముందే, 1967 నుండి, వాషింగ్టన్ రాష్ట్రంలోని తయారీదారులకు మార్గదర్శనం చేస్తున్నారు. అక్కడ విశ్వవిద్యాలయ ఆచార్యులు కొందరు ఇంటివద్ద సరదాగా చేసుకొన్న వైన్ రుచి చూసి, ఆ నేలలో ఏముందో ఆయన గ్రహించారు. నేడు వాషింగ్టన్ అమెరికాలో ప్రముఖ వైన్ రాష్ట్రం. 1991లో, తొంభైకి చేరువైన వయస్సులో, ఆయనను బోలియూ తిరిగి సలహాదారుగా పిలిచింది. 1994లో తొంభై రెండవ ఏట మరణించే వరకు ఆయన వృత్తిలోనే ఉన్నారు.

మన నేలమీద

ద్రాక్ష మనకు కొత్త పంట కాదు. హైదరాబాదు చుట్టుపక్కల అనాబ్-ఎ-షాహీ పందిళ్లు ఒకప్పుడు ఈ ప్రాంతానికి గుర్తింపు. నగరం విస్తరించి, భూగర్భజలం అడుగంటి, ఆ పందిళ్లు తరిగాయి. రాజేంద్రనగర్‌లోని ద్రాక్ష పరిశోధన స్థానం, పుణే వద్ద 1997లో ఏర్పడిన జాతీయ ద్రాక్ష పరిశోధన కేంద్రం మన విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయి. మహారాష్ట్రలోని నాసిక్‌లో 1999లో రాజీవ్ సామంత్ స్థాపించిన సులా సంస్థ కాలిఫోర్నియా నిపుణుడు కెర్రీ డామ్‌స్కీ సలహాతో 2000లో తొలి వైన్‌లు విడుదల చేసింది. 2001లో ఆ రాష్ట్రం ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు విధానం ప్రకటించింది.

నాపా తీగ చలికాలంలో నిద్రిస్తుంది, దక్కనులో తీగకు నిద్ర లేదు. అందుకే ఇక్కడ ఏప్రిల్‌లో కొమ్మల కోసం ఒకసారి, అక్టోబరులో కాయల కోసం మరొకసారి కత్తిరింపు చేసి, చల్లని నెలల్లో కాయ పక్వమయ్యేలా కాలాన్ని మలచుకొన్నారు. వింక్లర్ పట్టికలో లేని సమాధానం ఈ రెండు కత్తెరలలో ఉంది. చౌడును, నీటి ఎద్దడిని తట్టుకోవడానికి డాగ్‌రిడ్జ్ వంటి వేరుమూలాలు వాడకంలోకి వచ్చాయి. ఇవన్నీ అగ్రానమీ ప్రశ్నలే.

మద్యం వల్ల కుటుంబాలు పడే బాధ తెలిసిన నేల మనది. నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక పోరాటం, 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మనం మరువలేదు. కనుక ఒక తండ్రి సందేహాన్ని అజ్ఞానమని కొట్టివేయడం తగదు. ఆ మార్గాన్ని ఎంచుకోవడమా మానడమా అన్నది ఆ కుటుంబపు వివేచనకు వదలాలి. అయితే పులియబెట్టే శాస్త్రం వైన్‌తో ఆగిపోదు. ఈస్ట్, ఆమ్లత, శుభ్రత, ఉష్ణోగ్రతల నియంత్రణ తెలిసినవారికి వెనిగర్, పండ్ల రసాలు, పాల ఉత్పత్తులు, జీవన ఎరువుల తయారీ సైతం తెరచిన తలుపులే.

రెండు రోజుల తరువాత ఆ విద్యార్థినికి నేను చెప్పినది ఇంతే. "ఇది వ్యవసాయ శాస్త్రమే. నాన్నగారికి ఆ మాట నా పేరుతో చెప్పమ్మా. వెళ్లాలా వద్దా అన్నది మాత్రం మీరిద్దరూ కూర్చుని తేల్చుకోండి. వెళితే మొదటి ఏడాది తోటలోనే ఉండు. నువ్వు నేర్చుకొన్నది పొరుగు రైతుకు కూడా చెప్పగలిగే చోటును వెదుక్కో." ఆమె వెళ్లింది. మొన్న అక్టోబరు కత్తిరింపు సమయంలో ఫోన్ చేసి, మొగ్గ విచ్చుకోవడంలో తేడాలున్నాయని, కారణం ఏమై ఉంటుందని అడిగింది. నాకు తెలిసిన రెండు కారణాలు చెప్పాను. మూడవది ఆమె చెప్పింది. అది నేను రాసుకొన్నాను.